పెద్దలకు నికోటిన్ వేపింగ్: నిషేధించాలా, నియంత్రించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వేపింగ్ అంటే ఈ-సిగరెట్‌తో (వేప్‌తో) నికోటిన్ ద్రవాన్ని ఆవిరిగా మార్చి పీల్చడం. దాని మీద వాదన మొదలైతే రెండు మాటలే గట్టిగా వినిపిస్తాయి. ఒకటి "సిగరెట్ కన్నా మేలు", రెండోది "పిల్లల్ని పాడుచేస్తోంది". రెండూ నిజాలే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలన్న పట్టుదలే ఈ చర్చను చెడగొడుతోంది. కింది జవాబులన్నీ ఒకే కొలత పట్టుకుని రాసినవి: ఒక నిబంధన వచ్చాక సిగరెట్ వల్ల జబ్బుపడేవాళ్లు తగ్గుతారా, పెరుగుతారా?

వేప్‌లో ఉండేవి ఏమిటి? అందులో పొగాకు ఉంటుందా?

పొగాకు ఉండదు. ఒక బ్యాటరీ, చిన్న సర్క్యూట్, వేడెక్కే తీగచుట్ట అంటే కాయిల్, దాన్ని తడిగా ఉంచే దూది, ద్రవం నింపే ట్యాంకు లేదా పాడ్, పీల్చే మొన. పరికరం అంతే. ఈ రూపాన్ని 2003లో చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ తయారుచేశారు.

ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, నికోటిన్, రుచికి వేసే ఫ్లేవర్లు ఉంటాయి. మొదటి రెండే చాలావరకు ఆక్రమిస్తాయి. గ్లైకాల్ పల్చగా ఉండి గొంతుకు తగిలినట్టనిపిస్తుంది, గ్లిజరిన్ చిక్కగా ఉండి తెల్లటి ఆవిరినిస్తుంది.

నికోటిన్ రెండు రకాలుగా దొరుకుతుంది: ఆమ్లం కలపని ఫ్రీబేస్, ఆమ్లం కలిపిన సాల్ట్. సాల్ట్‌ను ఎక్కువగా బెంజోయిక్ ఆమ్లం కలిపి చేస్తారు. గొంతులో మంట తగ్గుతుంది కాబట్టి గాఢత ఎక్కువున్నా పీల్చగలుగుతారు. చట్టాల తగాదాలో పెద్ద భాగం ఈ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతోంది. ఏళ్లతరబడి పొగతాగిన మనిషికి సిగరెట్ లాంటి తృప్తినిచ్చేది ఇదే. ఎన్నడూ తాగని కుర్రాడికి మొదటిసారి దగ్గు రాకుండా చేసేదీ ఇదే.

పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలు వేరు. వాటిలో ఉండేది పొగాకే, కాబట్టి ఇక్కడి అంకెలు వాటికి వర్తించవు.

సిగరెట్ కన్నా తక్కువ హాని అని దేన్నిబట్టి అంటున్నారు?

కాలడాన్ని బట్టి. సిగరెట్ పీల్చేటప్పుడు దాని కొస దాదాపు 900 డిగ్రీల వేడికి చేరుతుంది. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలుంటాయి, వాటిలో సుమారు 70 క్యాన్సర్ కారకాలు. తారు, కార్బన్ మోనాక్సైడ్ పుట్టేది అక్కడే. వేప్ కాయిల్ ద్రవాన్ని మరిగించే వేడి దగ్గరే పనిచేయాలి. గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. కాలేది లేదు కాబట్టి తారు రాదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు.

అలాగని వచ్చేది వట్టి నీటి ఆవిరి కాదు. ఆ మాట అమ్మకందారులు పుట్టించింది. వేడికి గ్లైకాల్, గ్లిజరిన్ కొంత విరిగి ఫార్మాల్డిహైడ్ వంటి హానికర రసాయనాలు, అంటే ఆల్డిహైడ్‌లు పుడతాయి. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం వంటి లోహాలు కొద్దికొద్దిగా రాలవచ్చు. దూది ఎండిపోయి కాయిల్ మాడినప్పుడు ఆల్డిహైడ్‌లు ఒక్కసారిగా పెరుగుతాయి. అప్పుడు వచ్చే మాడు కంపు, చేదు తట్టుకోలేక మనిషి తనంతట తనే ఆపేస్తాడు. ప్రయోగశాలలోని యంత్రానికి ఆ చేదు తెలియదు. అందుకే కొన్ని పరీక్షల్లో సిగరెట్‌ను మించిన అంకెలు వచ్చాయి. వేప్ మీద ఏ పరిశోధన చదివినా ఎన్ని వాట్ల దగ్గర, ఎంతసేపు పీల్చి కొలిచారో ముందు చూడండి.

"95 శాతం తక్కువ హాని" అనే అంకె నమ్మదగ్గదేనా?

దాన్ని కొలిచిన అంకెగా తీసుకోకండి. 2014లో కొందరు నిపుణులు కూర్చుని రకరకాల నికోటిన్ ఉత్పత్తుల హానికి మార్కులు వేశారు. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ ఆ అంచనా ఆధారంగానే ఈ మాట ప్రకటించింది. ఆధారం బలహీనమని లాన్సెట్ వైద్య పత్రిక అప్పుడే విమర్శించింది. 2016లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ కూడా దీర్ఘకాలంలో హాని సిగరెట్ హానిలో 5 శాతం దాటే అవకాశం తక్కువని అంచనా వేసింది.

పొగతాగడం మాని పూర్తిగా వేప్‌కు మారినవాళ్ల రక్తంలో, మూత్రంలో క్యాన్సర్ కారకాల ఆనవాళ్లు బాగా పడిపోతాయన్నది మాత్రం పదేపదే తేలిన విషయం. నలభై ఏళ్లు వేప్ చేసినవాళ్లు ఇంకా లోకంలో లేరు కాబట్టి దీర్ఘకాలపు లెక్క ఎవరి దగ్గరా లేదు. "చాలా తక్కువ హాని, హాని లేదని కాదు" అంటే చాలు, దశాంశాల మీద కొట్టుకోనక్కర్లేదు.

నికోటిన్ వల్లే క్యాన్సర్ వస్తుంది కదా?

కాదు. నికోటిన్ బానిసను చేస్తుంది, గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, గర్భంలోని శిశువుకూ ఎదుగుతున్న మెదడుకూ మంచిది కాదు. పొగతాగేవాళ్లకు క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా పొగ. ఈ తేడా తెలియక ఎంతోమంది చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌కు కూడా భయపడి సిగరెట్ దగ్గరే ఆగిపోతున్నారు. ఇంగ్లండ్‌లో ఇటీవలి సర్వేల్లో పొగతాగేవాళ్లలో సగానికి పైగా, వేపింగ్ సిగరెట్ అంత హాని లేదా అంతకన్నా ఎక్కువ హాని అనుకుంటున్నారు. ప్రాణాల మీదికి వచ్చే అపోహ ఇది.

2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయారు కదా?

చనిపోయారు. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది మరణించారు. ప్రధాన కారణం గంజాయి నుంచి తీసే టీహెచ్‌సీ ద్రవాన్ని చిక్కబరచడానికి కల్తీదారులు కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. పరీక్షించిన 51 మంది రోగుల్లో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో అది దొరికింది. ఆ నూనె నికోటిన్ ద్రవంలో కలవదు, అక్కడ దానికి పనీ లేదు.

ఆ దుర్ఘటనను నికోటిన్ వేపింగ్ నిషేధానికి ఆధారంగా చూపడం సరికాదు. అందులోని పాఠం వేరు: తనిఖీ లేని సరుకు మనుషుల్ని చంపింది.

సిగరెట్ మానడానికి ఇది నిజంగా పనికొస్తుందా?

అందరికీ కాదు గానీ, ప్యాచ్‌లు, గమ్ముల కన్నా ఎక్కువమందికి. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష లెక్క ఇలా ఉంది: మానాలనుకునే 100 మందిలో నికోటిన్ వేప్‌తో 8 నుంచి 11 మంది, ప్యాచ్, గమ్ వంటివాటితో 6గురు, సలహాలు మాత్రమే అందితే నలుగురు కనీసం ఆరు నెలలు సిగరెట్‌కు దూరంగా ఉండగలుగుతారు.

2019లో బ్రిటన్‌లో 886 మందితో చేసిన పరీక్షలో ఏడాది తర్వాత వేప్ వర్గంలో 18 శాతం, ప్యాచ్-గమ్ వర్గంలో 9.9 శాతం మానేసి ఉన్నారు. అదే పరీక్షలో తేలిన ఇంకో సంగతిని వేప్‌ను సమర్థించేవాళ్లు దాటవేస్తారు. సిగరెట్ మానినవాళ్లలో, వేప్ వర్గంలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వాడుతూనే ఉన్నారు. ప్యాచ్-గమ్ వర్గంలో తమకిచ్చినది ఇంకా వాడుతున్నది 9 శాతమే. సిగరెట్ పోయింది, నికోటిన్ మిగిలింది. చావుబతుకుల తూకంలో అది మంచి బేరమే, కానీ దాన్ని దాచకూడదు.

పిల్లల మాటేమిటి? ఒక తరం మొత్తం అలవాటు పడుతోంది కదా?

ఈ భయానికి గట్టి కారణం ఉంది. 2015లో వచ్చిన జూల్ అనే పాడ్, మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్‌తో, పెన్‌డ్రైవ్ లాంటి ఆకారంతో, యువతకు తగిలే ప్రచారంతో అమెరికా బడుల్లోకి పాకింది. 2019 సర్వేలో అక్కడి హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం గత 30 రోజుల్లో వేప్ చేశామన్నారు. 2024 నాటికి అది 7.8 శాతానికి దిగింది. కొనే వయసును 2019 డిసెంబరులో 21కి పెంచడం, ఫ్లేవర్ పాడ్‌ల మీద చర్యలు, కోవిడ్ కాలంలో బడులు మూతపడటం, మోజు తగ్గడం, ఇన్నిటి ఫలితం అది. ఒక్కదానికే ఘనత కట్టబెట్టలేం.

వేప్ నుంచి సిగరెట్‌కు పోతారా అన్నది మరో ప్రశ్న. వేప్ చేసే పిల్లలు తర్వాత సిగరెట్ తాగే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చూపుతున్నాయి. దుడుకుతనం, ఇంట్లో పొగతాగే పెద్దలు, స్నేహితుల ప్రభావం, ఇవే రెండిటికీ కారణాలు కావచ్చన్నది ఎదురువాదం. అమెరికాలో వేపింగ్ విజృంభించిన ఏళ్లలోనే పిల్లల సిగరెట్ వాడకం వేగంగా పడిపోయింది. కనుక వేప్ మొత్తం సమాజాన్ని సిగరెట్ వైపు తోసిందని చెప్పడం కష్టం. కానీ ఎన్నడూ పొగతాగని పదిహేనేళ్ల పిల్లకు నికోటిన్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ పిల్ల చేతికి అందకుండా చూడటం ఏ చట్టానికైనా మొదటి పని.

ప్రపంచంలో ఏయే పద్ధతులున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పిన లెక్క ప్రకారం 34 దేశాలు అమ్మకాన్ని నిషేధించాయి, 74 దేశాల్లో అసలు ఏ నిబంధనా లేదు. 88 దేశాల్లో కొనడానికి కనీస వయసే లేదు.

మిగతావి స్థూలంగా మూడు దారులు పట్టాయి. ఐరోపా సమాఖ్య, బ్రిటన్ వేప్‌ను వినియోగదారుల వస్తువుగా చూసి ప్రమాణాలు విధించాయి: కంపెనీ వివరాలు ముందే దాఖలు చేయాలి, పరిమితులు పాటించాలి, ఆ తర్వాత అమ్ముకోవచ్చు. అమెరికాలో ప్రతి ఉత్పత్తికీ ముందస్తు అనుమతి కావాలి, ప్రజారోగ్యానికి మేలని కంపెనీయే రుజువు చేయాలి. ఆస్ట్రేలియా మందులా చూసి ఫార్మసీలకే పరిమితం చేసింది.

మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల పరిమితి అంటే ఏమిటి?

ఐరోపా సమాఖ్య 2014లో చేసి, 2016 మే నుంచి అమలుచేసిన పొగాకు ఉత్పత్తుల నిబంధన ఇది. మూడు అంకెలు గుర్తుంచుకోండి: నికోటిన్ గాఢత 20 మి.గ్రా./మి.లీ. మించకూడదు, ట్యాంకు లేదా పాడ్ 2 మి.లీ. మించకూడదు, నింపుకునే సీసా 10 మి.లీ. మించకూడదు. పిల్లలు తీయలేని మూత, కారని నిర్మాణం తప్పనిసరి.

ఇక లెక్క చూడండి. 20 × 2 = 40 మి.గ్రా. 59 గాఢత ఉన్న జూల్ పాడ్‌లో పట్టేది 0.7 మి.లీ., అంటే సుమారు 41 మి.గ్రా. పాడ్ మొత్తంలో నికోటిన్ దాదాపు సమానం. పరిమితి తగ్గించేది ఒక్కో దమ్ములో అందే నికోటిన్‌ను, అది అందే వేగాన్ని. కొత్తవాళ్లు అలవాటు పడటాన్ని అది నెమ్మదిస్తుందన్నది సమర్థన. రోజుకు ముప్పై సిగరెట్లు తాగే మనిషికి 20 చాలకపోవచ్చు, నిరాశపడి వెనక్కి పోతాడన్నది అభ్యంతరం. మరీ తక్కువ గాఢతతో ఇంకో చిక్కుంది. కావలసిన నికోటిన్ కోసం మనిషి ఎక్కువసార్లు, ఎక్కువసేపు పీలుస్తాడు, దాంతో ఆవిరితోపాటు ఆల్డిహైడ్‌లూ ఎక్కువ లోపలికి పోతాయి. మా అభిప్రాయంలో 20 రాజీకి సరిపోయే అంకె. దాన్ని 10కి, 5కి దించాలనే ప్రతిపాదనలు పొగతాగేవాళ్లను గాలికి వదిలేస్తాయి.

సీసా పరిమితికి మార్కెట్ కనిపెట్టిన అడ్డదారి కూడా తెలుసుకోండి. నికోటిన్ లేని ద్రవానికి 10 మి.లీ. నిబంధన వర్తించదు. అందుకని 60 మి.లీ. సీసాలో 50 మి.లీ. నికోటిన్ లేని ద్రవం పోసి అమ్ముతారు. కొన్నవాడు 18 మి.గ్రా./మి.లీ. ఉన్న 10 మి.లీ. నికోటిన్ సీసా అందులో కలుపుకుంటాడు. 180 మి.గ్రా. 60 మి.లీ.లో కలిస్తే 3 మి.గ్రా./మి.లీ. చట్టం ఒక్క అక్షరం తప్పలేదు, కలిపే పని మాత్రం కర్మాగారం నుంచి వంటింటి బల్ల మీదికి వచ్చింది.

ఫ్లేవర్లు నిషేధిస్తే సరిపోదా?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. పిల్లల్ని ఆకర్షించేది పండ్ల రుచులు, మిఠాయి రుచులు. సిగరెట్ మానిన పెద్దల్లో ఎక్కువమంది వాడేదీ అవే, ఎందుకంటే పొగాకు రుచి వాళ్లను మళ్లీ సిగరెట్ వైపు లాగుతుంది. నెదర్లాండ్స్ 2024 జనవరి 1 నుంచి పొగాకు రుచి తప్ప అన్నీ ఆపేసింది. చైనా 2022 అక్టోబరు 1 నుంచి అదే చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2018లో అన్ని రుచుల పొగాకు ఉత్పత్తులనూ నిషేధించాక అక్కడి హైస్కూలు పిల్లల్లో సిగరెట్ వాడకం పెరిగిందని ఒక అధ్యయనం చెప్పింది. దాని లెక్క కట్టిన తీరు మీద వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి.

మొత్తం నిషేధానికీ విచ్చలవిడితనానికీ మధ్య చాలా చోటుంది. కార్టూన్ బొమ్మలు, మిఠాయి పేర్లు, మెరిసే రంగుల డబ్బాలు ఆపవచ్చు. రుచి పేరు సాదాగా "మామిడి" అనో "పుదీనా" అనో మాత్రమే రాయమనవచ్చు. డయాసిటైల్ లాగా పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు తెచ్చే పదార్థాలను, బ్రిటన్ చేసినట్టు, ద్రవంలో కలపకుండా ఆపవచ్చు. ఏ రుచినైనా పిల్లల కంటపడకుండా అరల వెనక ఉంచి అమ్మమనవచ్చు.

డిస్పోజబుల్ వేప్‌ల మీద నిషేధం సరైనదేనా?

పర్యావరణం దృష్టితో చూస్తే సందేహమే లేదు. 2023లో బ్రిటన్‌లో వారానికి దాదాపు 50 లక్షల డిస్పోజబుల్‌లు చెత్తలో పడ్డాయి. వందలసార్లు ఛార్జ్ చేయగల లిథియం బ్యాటరీని ఒక్కసారి వాడి పారేయడం, అది చెత్తబండిలో నలిగి అంటుకోవడం, దీన్ని సమర్థించడం ఎవరితరమూ కాదు. బెల్జియం 2025 జనవరి 1న, బ్రిటన్ 2025 జూన్ 1న, న్యూజిలాండ్ 2025 జూన్ 17న వీటి అమ్మకం ఆపాయి.

తప్పు జరిగేది నిర్వచనంలో. "ఛార్జ్ చేయగలిగితే డిస్పోజబుల్ కాదు" అని రాస్తే కంపెనీ కింద ఒక ఛార్జింగ్ రంధ్రం పెట్టి అదే వస్తువును అంతే చవగ్గా అమ్ముతుంది, జనం మునుపటిలాగే పారేస్తారు. బ్రిటన్ నిబంధనలో బ్యాటరీ మళ్లీ ఛార్జ్ కావాలి, ద్రవం మళ్లీ నింపాలి లేదా పాడ్ మార్చగలగాలి, మార్చుకునే కాయిల్ విడిగా దొరకాలి అని ఉంది. అయినా పాడ్‌లు కొనడం కన్నా కొత్త పరికరమే చవకైతే నిబంధన ఓడిపోతుంది.

పెద్దవాళ్లకు, చేతులు వణికేవాళ్లకు, మానసిక జబ్బులున్నవాళ్లకు డిస్పోజబుల్ సులువైన మెట్టు అన్నది నిజం. ముందే నింపిన, మార్చుకునే పాడ్‌లు ఆ స్థానాన్ని తీసుకోగలవు. వాటినీ ఆపితే మాత్రం నష్టమే.

పన్ను వేస్తే?

వేయవచ్చు, సిగరెట్‌తో దూరం తగ్గకుండా. బ్రిటన్ తీరు ఇక్కడ ముచ్చటగా ఉంది. 2026 అక్టోబరు 1 నుంచి ప్రతి 10 మి.లీ. వేప్ ద్రవానికి 2.20 పౌండ్ల సుంకం ప్రకటించి, దానికి జోడీగా 100 సిగరెట్లకు అంతే మొత్తం అదనంగా పెంచుతామంది. వేప్ ఖరీదైనా సిగరెట్ మునుపటి కన్నా ఆకర్షణీయం కాకూడదన్నది ఉద్దేశం.

దేని మీద వేస్తారన్నదీ ముఖ్యమే. మి.లీ. లెక్కన వేస్తే 3 మి.గ్రా. ద్రవం ఎక్కువగా పీల్చేవాడి మీద భారం ఎక్కువ, గాఢమైన పాడ్ వాడేవాడి మీద తక్కువ. నికోటిన్ లెక్కన వేస్తే ఎక్కువ పొగతాగిన మనిషే ఎక్కువ కడతాడు, పైగా ప్రతి సరుకునూ ప్రయోగశాలలో తూచాలి. ధర శాతం లెక్కన వేస్తే చవక సరుకుకు మేలు. బ్రిటన్ మొదట గాఢతను బట్టి మూడు అంచెలు అనుకుని, చివరికి ఒకే రేటుకు వచ్చింది. వసూలు సులువు కాబట్టి అది తెలివైన పనే.

భారతదేశ నిషేధం ఏం చెబుతోంది?

2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వకు ఆరు నెలల వరకు జైలు లేదా 50,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. వాడకాన్ని విడిగా నేరమని ఆ చట్టం రాయలేదు.

సమర్థకుల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 2016–17 జాతీయ సర్వేలో పెద్దల్లో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, అందులో నమిలే పొగాకుదే పెద్ద వాటా. ఖైనీ, గుట్కా వాడేవాళ్లకు వేప్ మార్గం చూపదు. తనిఖీ యంత్రాంగం బలంగా లేని చోట లైసెన్సు విధానం కాగితం మీదే మిగిలిపోతుందన్న భయమూ సహేతుకమే. పొగాకు అంతగా వ్యాపించని వర్గాల్లోకి, ముఖ్యంగా అమ్మాయిల్లోకి కొత్త నికోటిన్ వస్తువు రానివ్వడం ఎందుకన్నదీ న్యాయమైన ప్రశ్నే.

ఎదుటి పక్కన ఒక్క వాస్తవం చాలు: సిగరెట్, బీడీ చట్టబద్ధంగా దొరుకుతున్నాయి, వాటి కన్నా హాని తక్కువైనది దొరకదు. దొంగచాటుగా దొరికేదానికి గాఢత పరిమితి లేదు, పిల్లలు తీయలేని మూత లేదు, అమ్మేవాడు వయసు అడగడు.

ఆస్ట్రేలియా పద్ధతి ఎందుకు తడబడింది?

2021 అక్టోబరు 1 నుంచి డాక్టరు చీటీ ఉంటేనే నికోటిన్ వేప్ అన్నారు. చాలామంది డాక్టర్లు రాయడానికి ఇష్టపడలేదు, చాలా ఫార్మసీలు పెట్టలేదు, వీధి దుకాణాల్లో దొంగ సరుకు మాత్రం దండిగా దొరికింది. 2024 జనవరి 1న డిస్పోజబుల్ దిగుమతి ఆపారు, జూలై 1న అమ్మకాన్ని ఫార్మసీలకే పరిమితం చేశారు. అక్టోబరు 1 నుంచి 18 దాటినవాళ్లు ఫార్మసిస్టుతో మాట్లాడి చీటీ లేకుండా 20 మి.గ్రా./మి.లీ. వరకు కొనుక్కోవచ్చన్నారు. రుచులు పొగాకు, పుదీనా, మెంథాల్ మాత్రమే.

అక్కడ సిగరెట్ పన్ను లోకంలోకెల్లా ఎక్కువ పన్నుల్లో ఒకటి. పైన సిగరెట్ ఖరీదు, పక్కన వేప్ దొరకడం కష్టం. రెండిటి మధ్య ఇరుక్కున్న జనాన్ని దొంగ వ్యాపారం పట్టుకుంది. విక్టోరియా రాష్ట్రంలో ఆ వ్యాపారం కోసం ముఠాలు దుకాణాలకు నిప్పు పెట్టేదాకా వచ్చింది. చట్టబద్ధమైన దారి దొంగదారి కన్నా సులువుగా లేకపోతే ఏ కట్టుబాటూ నిలవదు.

అమెరికాలో అనుమతులు ఎందుకు అంత తక్కువ?

2020 సెప్టెంబరు 9 గడువు నాటికి లక్షలకొద్దీ ఉత్పత్తులకు దరఖాస్తులు వచ్చిపడ్డాయి. 2021 అక్టోబరులో మొదటి అనుమతి వచ్చింది. 2025 మధ్య నాటికి కూడా ఆమోదం పొందినవి నలభైలోపే, అన్నీ పొగాకు రుచి లేదా మెంథాల్. నిజంగా మార్కెట్లో నడుస్తున్నదేమో అనుమతి లేని దిగుమతి డిస్పోజబుల్‌లు. మేలు జరుగుతుందని నిరూపించే పరిశోధనలు పెద్ద పొగాకు కంపెనీలే చేయించగలవు, చిన్న తయారీదారులు తట్టుకోలేరు. కఠినమైన తలుపు పెట్టి గోడ కట్టకపోతే ఇలాగే అవుతుంది.

న్యూజిలాండ్‌ను అందరూ ఎందుకు ఉదాహరణగా చెబుతారు?

2020లో వేపింగ్‌కు ప్రత్యేక చట్టం చేసి, పెద్దలకు అందుబాటులో ఉంచి, సిగరెట్‌ను ఖరీదు చేశారు. రోజూ పొగతాగే పెద్దలు 2011–12లో 16.4 శాతం, 2023–24 నాటికి సుమారు 7 శాతం. అదే సమయంలో రోజూ వేప్ చేసేవాళ్లు సుమారు 11 శాతానికి చేరారు, యువతలో ఇంకా ఎక్కువ. రెండు పక్షాలూ ఒకే దేశాన్ని చూపించి తమ మాటే నిజమైందంటాయి. మాకు మొదటి అంకె బరువైనది, ఎందుకంటే అందులో తప్పిన మరణాలున్నాయి. రెండోదాన్ని తగ్గించే పని మిగిలే ఉంది.

పక్కవాళ్లకు ఆవిరి హానికరమా?

సిగరెట్ కొస నుంచి పొగ వస్తూనే ఉంటుంది, వేప్ నుంచి వదిలినప్పుడే వస్తుంది. పక్కవాళ్లకు చేరే నికోటిన్, సూక్ష్మ కణాలు చాలా తక్కువ, సున్నా కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది కలగవచ్చు. మూసిన గదుల్లో, బస్సుల్లో, బడుల్లో వద్దనడానికి ఇంతకుమించిన రుజువు అక్కర్లేదు. ఆరుబయట మాత్రం వేప్ చేసేవాళ్లను పొగతాగేవాళ్ల గుంపులోకే తోయడం తెలివితక్కువ. ఇప్పుడే సిగరెట్ మానిన మనిషిని సిగరెట్ వాసన మధ్య నిలబెట్టకూడదు.

సిగరెట్, వేప్ రెండూ వాడితే సగం మేలు దక్కుతుందా?

దక్కదు. గుండెజబ్బు విషయంలో రోజుకు ఒకటి రెండు సిగరెట్లు కూడా గట్టి ముప్పే. కొన్ని వారాలు రెండూ వాడుతూ మారడం సహజం. నెలలతరబడి అలాగే ఉంటే నికోటిన్ గాఢత చాలడం లేదనో, పరికరం సరిపడలేదనో అర్థం.

వేప్ చట్టబద్ధమైన చోట ఉన్నాను, పొగతాగుతాను, మారాలంటే ఎలా?

రోజుకు ఇరవై దాకా తాగేవాళ్లు చిన్న పాడ్ పరికరం, ఒక ఓమ్ (విద్యుత్ నిరోధం కొలత) దగ్గరి కాయిల్, 20 మి.గ్రా. సాల్ట్ ద్రవంతో మొదలుపెట్టడం మంచిది. ఐదారు తాగేవాళ్లకు దాదాపు 10 చాలు. గ్లైకాల్, గ్లిజరిన్ సగంసగం ఉన్న ద్రవమే తీసుకోండి. 70 శాతం గ్లిజరిన్ ఉన్నది చిన్న కాయిల్ దూదిలోకి ఇంకదు, మాడుతుంది.

కొత్త కాయిల్ వేశాక దూది మీద రెండు మూడు చుక్కలు వేసి, ట్యాంకు నింపి పది నిమిషాలు ఆగండి. ఈ ఒక్క పని చేయక మొదటి దమ్ముకే కాయిల్ కాల్చుకుని "ఇది నాకు పడదు" అని వదిలేసేవాళ్లు చాలామంది. సిగరెట్‌లా గుప్పుగుప్పున లాగకండి, మూడు సెకన్లపాటు నెమ్మదిగా నోటిలోకి తీసుకుని ఆపైన ఊపిరిలోకి పీల్చండి. మాడు రుచి వస్తే కాయిల్ మార్చండి, వాడకాన్ని బట్టి వారం నుంచి రెండు వారాలు వస్తుంది. తలతిరగడం, వికారం, గుండెదడ వస్తే నికోటిన్ ఎక్కువైనట్టు, ఆపి మంచినీళ్లు తాగండి.

పెద్ద పొరపాటు మొదటి రోజే 3 మి.గ్రా.తో మొదలుపెట్టడం. ఆరోగ్యం మీద శ్రద్ధతోనే చేస్తారు, చాలక మూడో రోజుకు సిగరెట్ వెలిగించి పెనం మీంచి పొయ్యిలో పడతారు. ముందు సిగరెట్ పూర్తిగా పోనివ్వండి. నెలల తర్వాత గాఢత 20 నుంచి 10కి, ఆపైన ఇంకా కిందికి దించుకోవచ్చు. ఎన్నడూ పొగతాగనివాళ్లు దీని జోలికే పోకూడదు. గర్భిణులు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

నిషేధం ఉన్న చోట ఉన్నాను. నాకేముంది?

దొంగ సరుకు కొనవద్దు. దాని లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. రోజుకు పదికి మించి తాగేవాళ్లు 21 మి.గ్రా. ప్యాచ్ వేసుకుని, కోరిక పుట్టినప్పుడు గమ్ వాడటం ఒక్కదానికన్నా మెరుగ్గా పనిచేస్తుంది. నిద్రలేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మి.గ్రా. గమ్, మిగతావాళ్లకు 2. దాన్ని చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వెక్కిళ్లు, మంట. రెండు మూడుసార్లు నమిలి, ఘాటు రాగానే బుగ్గన పెట్టి ఉంచాలి. వరెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్ మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. అవి డాక్టరు రాస్తేనే.

ఇంట్లో జాగ్రత్తలు?

10 మి.లీ. సీసాలో 20 గాఢత అంటే 200 మి.గ్రా. నికోటిన్. పసిపిల్లలకు అందులో కొద్ది భాగం కూడా ప్రమాదమే. మందుల్లాగే తాళం వేసి ఉంచండి. పిల్లలు మింగితే వాంతి చేయించవద్దు, లక్షణాల కోసం కాచుకు కూర్చోవద్దు, సీసా వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. చేతి మీద ఒలికితే వెంటనే సబ్బుతో కడగండి. విడి లిథియం బ్యాటరీని తాళాలు, నాణేలతో కలిపి జేబులో వేసుకోకండి, తొడిగిన ప్లాస్టిక్ చిరిగితే వాడకండి.

పొగాకు కంపెనీల చేతిలోనే వేప్‌లు కూడా ఉన్నాయి కదా?

పెద్ద బ్రాండ్లలో కొన్ని వాళ్లవే. హాని తగ్గించే మాటలు చెబుతూ సిగరెట్ అమ్మకాలు కొనసాగించే వాళ్ల మీద అనుమానం న్యాయమే. చట్టం రాసే గదిలోకి వాళ్లను రానివ్వకపోవడం, ప్రకటనలు, క్రీడల స్పాన్సర్‌షిప్, ఉచిత నమూనాలు ఆపడం, వాళ్ల డబ్బుతో జరిగిన పరిశోధనలను విడిగా చూడటం, ఇవన్నీ చేయాలి. కానీ వాళ్లు అమ్ముతున్నారు కాబట్టి ఆ వస్తువు హాని సిగరెట్ హానితో సమానమైపోదు.

కొత్త చట్టం ముసాయిదా మీద ప్రజాభిప్రాయం అడిగితే ఏం చూసి రాయాలి?

మొదట నిర్వచనాలు చదవండి. డిస్పోజబుల్ అంటే ఏమిటి, ప్రయోగశాలలో తయారుచేసిన నికోటిన్ దీని కిందికి వస్తుందా అన్నవి స్పష్టంగా ఉండాలి. పొగాకు నుంచి తీయని నికోటిన్ అన్న సాకుతో కంపెనీలు తప్పించుకుంటుంటే, అమెరికా 2022లో ప్రత్యేకంగా చట్టం సవరించాల్సి వచ్చింది.

తర్వాత దుకాణాల లైసెన్సు చూడండి. వయసు చూడకుండా అమ్మితే జరిమానాతో సరిపెడుతున్నారా, లైసెన్సు రద్దు చేస్తారా? రద్దు భయమే పనిచేస్తుంది. వయసు తక్కువ పిల్లల్ని పంపి పరీక్షించే తనిఖీలకు, ప్రయోగశాలకు, సిబ్బందికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాశారా? లైసెన్సు రుసుము ఆ పనికే ఖర్చవ్వాలని అడగండి. ఆన్‌లైన్ అమ్మకంలో కొనేటప్పుడే కాక ఇంటి గుమ్మం దగ్గర కూడా వయసు చూడమనండి.

ఆపైన సిగరెట్ నిబంధనల్ని పక్కన పెట్టి వరుసగా పోల్చండి. పన్నులో, అమ్మే చోట్లలో, రుచుల్లో ఎక్కడైనా వేప్ మీద సిగరెట్ మీదకన్నా గట్టి కట్టడి కనిపిస్తే, ఆ సెక్షన్ నంబరు వేసి ఎందుకని అడగండి. చివరగా సమీక్ష గడువు: రెండేళ్లకోసారి పెద్దల పొగతాగుడు, పిల్లల వేపింగ్, పట్టుబడిన దొంగ సరుకు, ఈ మూడు లెక్కలూ కలిపి ప్రచురించాలని చట్టంలోనే రాయమనండి. మొదటి సర్వే చట్టం అమల్లోకి రాకముందే జరగాలి, లేకపోతే తర్వాత దేనితో పోల్చాలో తెలియదు.